రాష్ట్రం వస్తే కొండ దక్కుతుందా?

(హుకుంపేటలో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరిపిన సదస్సులో 'పర్యావరణ తత్వం - విధ్వంసానికి మూలాలు' అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



నాకు అప్పగించిన అంశం పేరు పర్యావరణ తత్వం. వినగానే ఇదేదో యూనివర్సిటీలో ఏసీ గదిలో మాట్లాడుకునే విషయంలాగ ఉంటుంది. ప్రత్యేక రాష్ట్రం సభలో దీనితో పనేమిటని కొందరికి అనిపించవచ్చు. నా ఉద్దేశంలో ఇది ఉద్యమానికి అసలైన పరీక్ష. తెలంగాణ ఉద్యమం నీళ్లు, నిధులు, నియామకాలు అని మూడు మాటలతో లక్షల మందిని కదిలించింది. ఉత్తరాంధ్రకి వేరే రాష్ట్రం కావాలని అడుగుతున్న మనమూ కొంచెం అటూ ఇటూగా అవే మాటలు అంటున్నాం. ఆ మూడు మాటల్లో కొండ లేదు. కొండ మీద మనిషి లేడు. రేపు రాష్ట్రం వచ్చాక కొండ సంగతి చూద్దాం అంటే ఏమవుతుందో చెప్పడానికి దేశంలో మూడు కొత్త రాష్ట్రాల అనుభవం మన ముందు ఉంది. అక్కడికి వస్తాను. ముందు అసలు విధ్వంసం ఎక్కడ మొదలైందో చూద్దాం.

పర్యావరణం ఎందుకు పాడైంది అని అడిగితే స్కూలు పుస్తకంలో జవాబులు సిద్ధంగా ఉంటాయి. జనాభా పెరిగింది. మనిషికి ఆశ పెరిగింది. చెట్లు కొట్టేస్తున్నారు. ప్లాస్టిక్ వాడుతున్నారు. ఏజెన్సీ దగ్గరికి వచ్చేసరికి ఇంకొకటి కలుపుతారు: పోడు. చూడండి, ఈ జవాబుల్లో నేరం చేసినవాడికి పేరు ఉండదు. ఉంటే మీ పేరే ఉంటుంది.

పెద్ద పెద్ద తత్వవేత్తలు కూడా ఈ ప్రశ్న చుట్టూ తిరిగారు. అమెరికా చరిత్రకారుడు లిన్ వైట్ 1967లో ఒక వ్యాసం రాశాడు. ప్రకృతి మొత్తం మనిషి కోసమే సృష్టించబడిందనే పాశ్చాత్య మత భావన ఈ సంక్షోభానికి మూలమన్నాడు. 1973లో నార్వే దేశపు ఆర్నే నేస్ ఇంకో అడుగు వేసి, చెట్టుకీ పురుగుకీ మనిషితో నిమిత్తం లేకుండా స్వంత విలువ ఉంది, మనిషిని కేంద్రంలో నుంచి తప్పించాలి అన్నాడు. మంచి మాటే. కాని 1989లో రామచంద్ర గుహ ఒక ప్రశ్న వేశాడు. మన దేశంలో మనిషిని తప్పించాలి అంటే ఎవరిని తప్పిస్తారు? పులుల కోసం అడవి ఖాళీ చేయాలంటే ఖాళీ అయ్యేది ఆదివాసీ గూడెమే. కాగితం మిల్లు ఖాళీ కాదు. నాకు ఈ ప్రశ్న దగ్గరే పర్యావరణ తత్వం నేల మీదికి దిగినట్టు అనిపిస్తుంది. మనిషి, ప్రకృతి అని రెండే పాత్రలు పెట్టి కథ చెబితే ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య ఉన్న తేడా మాయమైపోతుంది. బాక్సైట్ కొండ కింద వాగు నీళ్లు తాగే మనిషీ, ఆ కొండని దుబాయ్ పక్కనున్న ఎమిరేట్‌కి రాసిచ్చే మనిషీ ఒకే ఖాతాలో 'మానవుడు' అయిపోతారు.

ఇంకొకాయన ఉన్నాడు, గారెట్ హార్డిన్. 1968లో, ఉమ్మడి ఆస్తి నాశనం కాక తప్పదని రాశాడు. ఊరుమ్మడి బీడులో ఎవడికి వాడు ఒక ఆవుని ఎక్కువ తోలతాడు, చివరికి బీడు మిగలదు, కాబట్టి ఉమ్మడిని ప్రభుత్వం తీసుకోవాలి లేదా పంచి ప్రైవేటు చెయ్యాలి అనే వాదానికి అది ఆధారమైంది. ప్రపంచంలో ఎన్నో అటవీ శాఖలకు, ఎన్నో బ్యాంకులకు ఇది నచ్చింది. ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ మాత్రం దేశదేశాల్లో ఉమ్మడి అడవుల్ని, చేపల రేవుల్ని, సాగునీటి కాలవల్ని చూసి, వాడుకునేవాళ్లే కట్టుబాటు పెట్టుకున్న చోట ఉమ్మడి ఆస్తి తరాల తరబడి నిలిచిందని రుజువు చేసింది. 2009లో ఆమెకి నోబెల్ ఇచ్చారు. ఆర్థిక శాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న మొదటి స్త్రీ ఆమె.

ఆస్ట్రమ్ చెప్పింది మీకు కొత్త కాదు. మామిడి కొత్త చెయ్యకుండా మీ ఊళ్లలో మామిడికాయ ముట్టరు. చిక్కుడు కొత్త, కొర్ర కొత్త అని ఒక్కో పంటకీ ఒక్కో పండగ. టూరిస్టు పుస్తకాల్లో దీనిని మూఢనమ్మకమనో, అందమైన ఆచారమనో రాస్తారు. నాకు అది చట్టం. కాయ ముదరక ముందు ఎవడూ కొయ్యడానికి వీల్లేదు, ఊరంతా ఒకే రోజు మొదలుపెట్టాలి, ముందే కోసినవాడు ఊరికి జవాబు చెప్పాలి. ఏ గెజిట్‌లోనూ అచ్చు వెయ్యని ఈ చట్టం, గెజిట్‌లో అచ్చు వేసిన చాలా చట్టాల కంటే బాగా అమలైంది. ఇటుకల పండగకి ఇత్తనం తీసి దేవత ముందు పెట్టి ఊరందరికీ పంచే పద్ధతి కూడా అలాంటిదే. ఇత్తనం కంపెనీది కాదని ఏటా ఊరు ఒకసారి ప్రకటించడమే కదా అది?

నేను ఇక్కడి జీవితాన్ని స్వర్గమని పొగిడి వెళ్లిపోవడానికి రాలేదు. అలా పొగిడేవాళ్లంటే నాకు చిరాకు. గర్భిణిని డోలీలో కిలోమీటర్ల కొద్దీ మోసుకెళ్లే చోట రోడ్డు కావాలని అడిగేవాడు ప్రకృతికి శత్రువు కాడు. బైక్ కొనుక్కున్న కుర్రాడు సంస్కృతి మరిచిపోయినవాడూ కాడు. పోడు విషయంలో కూడా నిజం చెప్పుకోవాలి. ఒక చెక్క కొట్టి, కాల్చి, రెండు మూడు పంటలు తీసి, పది పన్నెండేళ్లు విడిచిపెడితే అడవి మళ్లీ లేస్తుంది. మూడేళ్లకే మళ్లీ అదే చెక్కకి వస్తే నేల జారిపోతుంది. కాని మూడేళ్లకే ఎందుకు రావలసి వచ్చింది? చుట్టూ ఉన్న అడవిని ఎవరు గీత గీసి తీసుకున్నారు?

ఆ గీత వయసు 1882. మద్రాసు అటవీ చట్టం. అంతవరకు ఊరిది అయిన కొండ ఆ చట్టంతో రిజర్వు అయింది. దొరలకి రైలు పట్టాల కింద స్లీపర్లకి కలప కావాలి, ఓడలకి కలప కావాలి. ఆ లెక్కలో చూస్తే చింత, మామిడి, జీలుగు పనికిమాలిన చెట్లు, పోడు చేసేవాడు దొంగ. దానికి మూడేళ్ల ముందే, 1879లో, రంప మన్యం తిరగబడింది. చిగురు పన్ను, మన్సబ్‌దారు దౌర్జన్యం దానికి కారణాలు. తర్వాత 1922లో అల్లూరి సీతారామరాజు వెనక గాం గంటందొర, మల్లుదొర నడిచారంటే, చింతపల్లి పోలీసుస్టేషన్ మీద విల్లంబులతో పడ్డారంటే, దాని వెనక పోడు నిషేధం ఉంది, కూలి ఇవ్వకుండా నర్సీపట్నం ఘాట్ రోడ్డు పని చేయించిన వెట్టి ఉంది. మనం ఆ పోరాటాన్ని స్వాతంత్ర్య పోరాటమని పాఠాల్లో చదువుతాం. అది ఈ దేశపు తొలి పర్యావరణ పోరాటాల్లో కూడా ఒకటి. 2022లో ఆయన పేరే జిల్లాకి పెట్టారు. పేరు పెట్టడం సులువు.

తెల్లవాళ్లు వెళ్లాక గీత చెరగలేదు. అడవికి కొత్త యజమాని వచ్చాడు, కొండకి కొత్త గిరాకీ వచ్చింది. ఇక్కడ ఒక్కసారి మన అరకు రైలుని చూడండి. 2017 నుంచి దానికి అద్దాల పెట్టె తగిలించారు, సొరంగాలు, లోయలు చూసుకుంటూ పట్నం జనం వస్తున్నారు. ఆ కొత్తవలస-కిరండూల్ లైను అరవైలలో వేసింది మాత్రం అరకు అందం కోసం కాదు. బైలదిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి పంపడానికి వేశారు. ఆ తర్వాత రైలు కూడా ఖర్చు అనుకుని 267 కిలోమీటర్ల గొట్టం వేశారు, ఖనిజాన్ని నీళ్లలో కలిపి బురదలాగ కిందికి తోస్తున్నారు. ఆ గొట్టంలో ప్రవహించే నీళ్లు కూడా కొండ నీళ్లే.

మాచ్‌ఖండ్ సంగతి పెద్దలకి తెలుసు. 1955లో కరెంటు పుట్టింది. ఒడిశా, ఆంధ్ర పంచుకున్నాయి. దాదాపు మూడు వేల కుటుంబాలు కొంపలు వదిలి లేచిపోయాయి, అందులో సగం ఆదివాసీలు. ఆ రోజుల్లో పునరావాసం అనే మాటకి ఇంకా చట్టమే లేదు. చుట్టుపక్కల కొండ ఊళ్లకి ఆ కరెంటు తీగ ఎప్పుడు వచ్చిందో మీ ఇళ్లలో పెద్దవాళ్లని అడగండి.

ఇక బాక్సైట్. దీని గురించి కొంచెం నిదానంగా మాట్లాడతాను, ఎందుకంటే మొత్తం తత్వం ఇందులో ఉంది.

మన తూర్పు కనుమల కొండలు చాలా చోట్ల ఖోండలైట్ అనే రాయి. ఆ పేరు ఖోందు అనే మీ మాట నుంచి వచ్చిందే. రాయికి మీ పేరు పెట్టారు, రాయి మీది కాదన్నారు. కోట్ల ఏళ్లు ఎండకి, వానకి ఈ రాయి పైన కుళ్లి, కరిగేది కరిగిపోగా మిగిలినది కొండ నెత్తిన టోపీలాగ ఏర్పడింది. అదే బాక్సైట్. గాలికొండ, రక్తకొండ, చిత్తమగొంది, జెర్రెల కొండలు ఇలాంటివే. ఈ టోపీ గుల్లగా ఉంటుంది. వాన పడితే స్పాంజిలాగ పీల్చుకుని, ఎండాకాలమంతా ఊటలుగా కొంచెం కొంచెం విడుస్తుంది. కొండ పైన చాలాచోట్ల పెద్ద చెట్లు ఉండవు, గడ్డి ఉంటుంది. అందుకే కంపెనీల రిపోర్టుల్లో 'బోడి కొండ, తవ్వితే నష్టం లేదు' అని రాస్తారు. గెడ్డ ఎక్కడ పుడుతుందో తెలిసిన మేకల కాపరిని ఒక్కడినీ వాళ్లు అడగరు.

ఆ ఊటలే కిందికి దిగి గోస్తనీ అవుతాయి, శారద అవుతాయి, మాచ్‌ఖండ్ అవుతాయి. గోస్తనీ మీద తాటిపూడి ఉంది, శారద మీద రైవాడ ఉంది. ఆ రెండు రిజర్వాయర్ల నీళ్లు విశాఖపట్నం తాగుతోంది. సభకి విశాఖ నుంచి వచ్చిన ఉద్యోగ మిత్రులు ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. మీ ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చేది అనంతగిరి కొండ. బాక్సైట్ వద్దని అరకులో, చింతపల్లిలో ఆడవాళ్లు రోడ్డు మీద కూర్చున్న రోజుల్లో వాళ్లు మీ కుళాయిని కూడా కాపాడారు. పట్నంలో మనం ఆ రోజున ట్రాఫిక్ ఆగిందని తిట్టుకున్నాం.

తవ్వితే ఎవరికి ఏం వస్తుంది? టన్ను అల్యూమినియం కావాలంటే నాలుగు టన్నుల పైచిలుకు బాక్సైట్ తవ్వాలి. దానిని కాస్టిక్ సోడాలో ఉడికించి అల్యూమినా తీస్తారు. టన్ను అల్యూమినాకి టన్నో, టన్నున్నరో ఎర్ర బురద మిగులుతుంది. ఆ బురద ఏం చేయగలదో హంగరీలోని అజ్కా చూసింది. 2010 అక్టోబరులో అక్కడ గట్టు తెగి ఊళ్లని ముంచింది, పది మంది చనిపోయారు. ఆ తర్వాత అల్యూమినాని లోహం చెయ్యడానికి టన్నుకి సుమారు 14 వేల యూనిట్ల కరెంటు. నెలకి వంద యూనిట్లు కాల్చే ఇంటికి అది పదకొండేళ్లకి పైగా వస్తుంది. ఆ కరెంటుకి ఇంకో చోట బొగ్గు తవ్వాలి, ఇంకో ఊరు మునగాలి. ఇంత అయ్యాక కొండ ఊళ్లో మిగిలేది సెక్యూరిటీ గార్డు ఉద్యోగం. అదీ చదువుకున్నవాడికి.

ఎవరో అడుగుతారు, అడగాలి కూడా: మరి అల్యూమినియం లేకుండా నీ మైకు ఎలా పని చేస్తుంది, వంటింట్లో గిన్నె ఎలా వస్తుంది? నిజమే, లోహం వాడుతున్నాం. ఒకసారి తీసిన అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ వాడితే కొత్తగా తీసేదానికి పట్టే కరెంటులో ఇరవయ్యో వంతు సరిపోతుంది. అది చెయ్యకుండా కొండ మీదికే ఎందుకు వస్తారంటే కొండ చవక. ఎందుకు చవక అంటే ఎండాకాలం ఊటకి, మేతకి, దేవతకి, రేపటి మనవడికి ఖరీదు కట్టరు. తవ్విన ఖర్చు, లారీ ఖర్చు, రాయల్టీ, అంతే లెక్క. మార్క్స్ వ్యవసాయం గురించి చెబుతూ, పట్నం పల్లె నుంచి నేల సారాన్ని తీసుకుపోతుంది గాని తిరిగి ఇవ్వదు, ఆ చక్రం తెగిపోయింది అన్నాడు. ఇక్కడ తెగింది చక్రం ఒక్కటే కాదు, కొండే లేచిపోతుంది. విధ్వంసానికి మూలం ఆశ అంటే నేను ఒప్పుకోను. ఆశ అందరికీ ఉంది. నష్టపోయేవాడు ఒకడు, నిర్ణయించేవాడు వేరొకడు కావడమే మూలం. నిర్ణయించేవాడు ఆ వాగు నీళ్లు తాగడు.

మన దగ్గర దీనికి అడ్డుకట్ట లేకపోలేదు. 1959లో వచ్చిన భూబదలాయింపు నిబంధనని 1970లో గట్టి చేశారు. మీరు 1/70 అని పిలిచేది అదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అయితే ప్రభుత్వం తానే కంపెనీకి లీజు ఇస్తే? అనంతగిరి మండలం బొర్రా దగ్గర కాల్సైట్ గనుల మీద ఈ ప్రశ్న లేచింది. సమత సంస్థ హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1997 జులై 11న తీర్పు వచ్చింది. చట్టంలో 'వ్యక్తి' అంటే ప్రభుత్వం కూడా వ్యక్తే, కాబట్టి ప్రభుత్వమూ గిరిజనేతరులకీ ప్రైవేటు కంపెనీలకీ లీజు ఇవ్వడానికి వీల్లేదని చెప్పింది. దేశంలో ఆదివాసీల చేతికి దొరికిన పెద్ద ఆయుధాల్లో ఒకటి మన పక్క మండలం నుంచి వెళ్లింది. ఈ సంగతి మన కాలేజీల్లో పాఠంగా ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

తీర్పు వచ్చాక ప్రభుత్వాలు ఏం చేశాయి? గని పేరు ప్రభుత్వ సంస్థ ఎపిఎండిసిది, సరుకు మాత్రం ప్రైవేటు ఫ్యాక్టరీకి. 2005లో జిందాల్‌తో ఎస్.కోట ఫ్యాక్టరీకి, 2007లో రస్ అల్ ఖైమాతో మాకవరపాలెం ఫ్యాక్టరీకి ఒప్పందాలు అలాంటివే. పార్టీ మారింది, పద్ధతి మారలేదు. ప్రతిపక్షంలో ఉండగా బాక్సైట్ వద్దన్నవాళ్లే అధికారంలోకి వచ్చాక 2015 నవంబరులో జిఓ 97 ఇచ్చారు. చింతపల్లి జెర్రెల అడవిలో 1,212 హెక్టార్లు. ఏజెన్సీ భగ్గుమంది. జిఓ పక్కన పెట్టారు, చివరికి 2019లో వచ్చిన ప్రభుత్వం రద్దు చేసింది. అది ఏ ముఖ్యమంత్రి దయా కాదు. సంతల్లో, ఘాట్ రోడ్ల మీద మీరు కూర్చోవడం వల్ల రద్దయింది. ఇదే మాట 2025 ఫిబ్రవరికీ చెల్లుతుంది. టూరిజం కోసం 1/70ని సవరించాలనే మాట విశాఖలో ఒక పెట్టుబడిదారుల సమావేశంలో వచ్చింది. ఏజెన్సీ 48 గంటల బంద్ చేసింది. చట్టం జోలికి వెళ్లబోమని ముఖ్యమంత్రి చెప్పుకోవలసి వచ్చింది.

ఇప్పుడు కొండకి ఇంకో గిరాకీ. దీని రంగు ఆకుపచ్చ. పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు. పగలు సోలార్ కరెంటుతో నీళ్లు కింది రిజర్వాయరు నుంచి కొండపైకి ఎక్కిస్తారు, రాత్రి కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఎక్కించడానికి పట్టినంత కరెంటు దించేటప్పుడు రాదు, అయిదో వంతో నాలుగో వంతో పోతుంది. అయినా వాతావరణాన్ని కాపాడడానికి ఇది కావాలంటున్నారు. అదానీ కంపెనీకి ఇచ్చిన పెదకోట ప్రాజెక్టు మన జిల్లాదే. అనంతగిరి మండలంలో గిరిజన సంఘాలు వద్దంటున్నాయి. బొగ్గు పోయి సూర్యుడు రావాలనే నేనూ కోరుకుంటాను. ప్రపంచం వేడెక్కుతోందన్నది నిజం. కాని వేడెక్కించినవాడు ఎవడు, తన కొండ ఇచ్చి చల్లార్చవలసినవాడు ఎవడు? సంచిలో బాక్సైట్ బదులు సోలార్ పెట్టుకుని వచ్చినంత మాత్రాన కొండ దగ్గరికి వచ్చే పద్ధతి మారిందా? గ్రామసభని ఈసారైనా ముందు అడిగారా?

ఇప్పుడు రాష్ట్రం సంగతి.

ఉత్తరాంధ్రకి అన్యాయం జరిగిందని మనం అంటే అది గాలి మాట కాదు. సోంపేట బీలలో, కాకరాపల్లి తంపరలో థర్మల్ ప్లాంట్లు పెట్టడానికి 2010లో, 2011లో పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరిన్ గ్యాస్ లీకై వెంకటాపురంలో 12 మంది చనిపోయారు. ఫ్యాక్టరీల విషం మనకి, వలస రైళ్లు మనకి. మన నేల గురించి నిర్ణయం ఎక్కడో జరుగుతోంది, మన చేతికి రావాలి అనడం న్యాయం. నేను ఆ న్యాయం కోసం రోడ్డెక్కినవాళ్లలో ఒకడిని. అందుకే ఈ ప్రశ్న బయటివాళ్లు అడగకముందే మనం అడుక్కోవాలి అంటున్నాను. నిర్ణయం హైదరాబాద్ నుంచి అమరావతికి వచ్చింది, అమరావతి నుంచి విశాఖకి వస్తే హుకుంపేటకి వచ్చినట్టేనా?

2000 నవంబరులో ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ పుట్టాయి. జార్ఖండ్ కోసం ఆదివాసీలు అరవై ఏళ్లకి పైగా కొట్లాడారు. జల్, జంగల్, జమీన్ అన్నారు. రాష్ట్రం వచ్చాక ముఖ్యమంత్రుల్లో ఎక్కువమంది ఆదివాసీలే. అయినా కంపెనీలతో ఒప్పందాలు కుప్పలుగా కుదిరాయి. 2016లో ఛోటానాగ్‌పుర్, సంతాల్ పరగణాల కౌలు చట్టాల్నే, అంటే వాళ్ల 1/70నే, సవరించబోయారు. జనం తిరగబడితే 2017లో వెనక్కి తీసుకున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ లోహండీగూడలో టాటా స్టీలుకి భూమి తీసుకున్నారు, ఫ్యాక్టరీ రాలేదు, 2019లో ఆ భూమి రైతులకి తిరిగి ఇచ్చారు. హస్‌దేవ్ అడవిలో బొగ్గు కోసం చెట్లు పడుతూనే ఉన్నాయి.

తెలంగాణ మనకి దగ్గర. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు జనం లేచారు, అసెంబ్లీ చేత వద్దని తీర్మానం చేయించారు. చిన్న రాష్ట్రంలో అరిస్తే వినపడుతుందనడానికి అది సాక్ష్యం, దాచను. అదే తెలంగాణలో 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో రాత్రింబవళ్లు చెట్లు కూల్చారు. యూనివర్సిటీ పిల్లలు అడ్డుపడితే లాఠీలు లేచాయి. సుప్రీంకోర్టు ఆపవలసి వచ్చింది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది 2014. తెలంగాణ పుట్టడానికి నాలుగు రోజుల ముందు, మే 29న, పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లా ఏజెన్సీ మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ కేంద్రం ఆర్డినెన్సు ఇచ్చింది. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు, ఇలా ఏడు మండలాలు. కోయలు, కొండరెడ్లు. వాళ్లు తెలంగాణ ఉద్యమంలో వంటావార్పు చేసినవాళ్లు, బంద్‌లు చేసినవాళ్లు. ఎన్నో ఏళ్లు ఎదురు చూసిన రాష్ట్రం రాబోతుందని ఊళ్లలో డప్పులు కొట్టే సమయానికి వాళ్లు ఆ రాష్ట్రంలో లేరు. ఏ గ్రామసభనీ అడగలేదు. కొన్ని రోజులు బంద్ అన్నారు, ఆ తర్వాత రెండు రాష్ట్రాలూ తమ తమ పనుల్లో పడ్డాయి. మునిగేవాళ్ల మీద పెద్ద గొడవ ఎక్కడా మిగల్లేదు. రెండు రాష్ట్రాల ఉద్యమాల మధ్య కూడా ఆదివాసీ ఎటూ కాకుండా పోగలడని ఆ ఏడు మండలాలు చూపించాయి.

కాబట్టి నేను కోరేది ఇది. వేరే రాష్ట్రం డిమాండ్ పత్రంలో రాజధాని, రైల్వే జోన్, స్టీల్ ప్లాంట్ రాసిన చోటే, అంత పెద్ద అక్షరాలతోనే, అయిదో షెడ్యూలు ప్రాంతంలో గని గాని, ఆనకట్ట గాని, రిసార్టు గాని గ్రామసభ ఒప్పుకుంటేనే అని, గ్రామసభ వద్దంటే మంత్రివర్గం ముందుకి ఆ ఫైలు రాదని రాయాలి. 1996 పీసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఈ మాట కొంతవరకు చెబుతూనే ఉన్నాయి. నియమగిరిలో ఏం జరిగిందో చూడండి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలే తేల్చాలి అంది. ఒడిశా ప్రభుత్వం వందకి పైగా ఊళ్లలో 12 ఊళ్లని ఏరి, అక్కడ సభలు పెట్టించింది. వేదాంతకి కొండ ఇవ్వమని పన్నెండుకి పన్నెండూ చెప్పాయి. వాళ్లు డోంగ్రియా ఖోందులు, మీ భాష మాట్లాడేవాళ్లే. ఆ తర్వాత ఢిల్లీ మేల్కొంది. 2022లో అటవీ సంరక్షణ నిబంధనల్ని మార్చి, గ్రామసభ ఒప్పుకుందో లేదో తేలకముందే కేంద్రం అడవి మళ్లింపుకి అనుమతి ఇచ్చేలా దారి తీసింది. హక్కు పుస్తకంలో ఉంటే చాలదు, దానిని వాడినప్పుడే వాళ్లకి భయం.

ఈ మాటని డిమాండ్ పత్రంలో రాయడానికి మైదానంలో మన ఉద్యమ మిత్రులు కొందరు వెనకాడతారు. నాకు తెలుసు. లంబసింగిలోనో, అరకులోనో గిరిజనుడి పేరు మీద బినామీ గదులు కట్టుకున్నవాళ్లు మన సభల్లో కూడా ముందు వరసలో కూర్చుంటున్నారు. వాళ్లకి వేరే రాష్ట్రం అంటే 1/70 లేని రాష్ట్రం. వాళ్లని నొప్పించకుండా ఉద్యమం పెద్దది అవుతుందనుకునేవాళ్లు ఉన్నారు. అలా పెద్దదైన ఉద్యమం మన్యానికి ఎందుకు? అప్పుడు మన్యానికే వేరే రాష్ట్రం కావాలని ఇక్కడ వినిపించే మాటకి మన దగ్గర జవాబు ఉండదు. ఆ మాట అన్నవాళ్లని ఉద్యమాన్ని చీలుస్తున్నారని తిట్టే హక్కు కూడా ఉండదు.

టీచర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఒక ముక్క. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జిఓ 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దానిని అందరూ ఉద్యోగాల సమస్యగానే చూశారు. కువి రాని టీచరు బడికి వస్తే పిల్లవాడికి ఇంగ్లీషులో పది చెట్ల పేర్లు వస్తాయి, వాళ్ల అవ్వకి తెలిసిన వంద మొక్కల పేర్లు పోతాయి. పేరు తెలియని మొక్క పోయినా ఎవరికీ తెలియదు. నియామకాలు, పర్యావరణం వేరు వేరు డిమాండ్లు అనుకునేవాళ్లు దీనిని గురించి ఆలోచించాలి.

సంత కదిలే వేళయింది, దూరం వెళ్లవలసినవాళ్లు ఉన్నారు. నేను పుస్తకం, పెన్ను తెచ్చుకున్నాను. మీ ఊళ్లో చివరిసారి గ్రామసభ ఎప్పుడు జరిగింది, అందులో ఏం చదివి వినిపించారు, తెలుగులో చదివారా మీ భాషలో చెప్పారా, ఖాళీ కాగితం మీద వేలిముద్రలు ఎవరైనా వేయించుకున్నారా? ముందు వెనక కూర్చున్న అక్కలు చెప్పండి, రాసుకుంటాను.